వైరసు సోకిన కంప్యూటరు: పంచాయతీ చేయవలసిన పని
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు మన పంచాయతీ కార్యాలయములందు ఇనుప బీరువా ఒక్కటే భద్రమైన స్థానము. ఇంటిపన్ను రిజిస్టరు, జనన మరణముల రిజిస్టరు, తీర్మానముల పుస్తకము, నగదు పుస్తకము, అన్నియు అందుండెడివి. చెదలు, వాననీరు, నిప్పు, ఈ మూడింటి నుండి వానిని కాపాడిన కార్యదర్శి సమర్థుడని పేరు తెచ్చుకొనెడివాడు. నేడు ఆ బీరువా ప్రక్కనే బల్లమీద కంప్యూటరు వచ్చి కూర్చున్నది. పన్ను డిమాండు లెక్క, పనుల ఛాయాచిత్రములు, కొలతలు, బిల్లులు, గ్రామసభ నోటీసులు అందులోనికి చేరినవి. కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న ఈ గ్రామస్వరాజ్ అను వేదికను ప్రారంభించిన తరువాత పంచాయతీ ప్రణాళిక, జమాఖర్చులు, చెల్లింపులు కూడ ఆ యంత్రము ముందు కూర్చుండియే జరుపవలసి వచ్చినది. బీరువాకు తాళము వేయుట మనకు తెలియును. ఈ యంత్రమునకు ఏ తాళము వేయవలెనో, దానికి చెద పట్టినపుడు ఏమి చేయవలెనో పెక్కుమంది సభ్యులకు తెలియదు. అది ఆపరేటరు పని యని ఊరకుండుట వాడుకయైనది. ఆ వాడుక మంచిది కాదని చెప్పుటకే ఈ ప్రసంగము.

ముందుగా వైరసనగా ఏమో చూతము. ఇది శరీరమునకు సోకు జబ్బు వంటిది కాదు. దుమ్ము వలనను, వేడిమి వలనను, విద్యుత్తు హెచ్చుతగ్గుల వలనను పుట్టునది కాదు. కంప్యూటరు చేయు ప్రతి పనికిని ఒక ప్రోగ్రాము ఉండును. లెక్కలు కూడుటకు ఒకటి, ఉత్తరము వ్రాయుటకు ఒకటి. వైరసు కూడ అట్టి ప్రోగ్రామే. మనకు ఉపకరించుటకు గాక హాని చేయుటకు మనుష్యులు బుద్ధిపూర్వకముగా వ్రాసినది. ఈ జాతి వైరసులలో తొలినాటి దానిని, బ్రెయిన్ అను పేరు గలదానిని, 1986లో లాహోరు నగరమునందలి ఇద్దరు సోదరులు వ్రాసిరి. అది ఫ్లాపీ డిస్కు నుండి ఫ్లాపీ డిస్కునకు ప్రాకెడిది. నాటి వైరసులు వ్రాసినవారిలో పెక్కుమందికి తమ తెలివిని చూపుకొనవలెనను ఉబలాటము తప్ప వేరు లాభము లేకుండెను. నేటి వారికి కావలసినది డబ్బు. అందుచేత నేటి వైరసు వెంటనే అల్లరి చేయదు. మెల్లగా జొరబడి, ఇల్లంతయు కలయజూచి, తాళపుచెవులు ఎక్కడ ఉన్నవో కనుగొని, అప్పుడు పని మొదలుపెట్టును.

ఇది లోనికి వచ్చు త్రోవలు కొన్ని కలవు. వానిలో మిక్కిలి వాడుకలోనున్న త్రోవ, మనమే తలుపు తీసి లోనికి పిలుచుకొనుట. రామాయణములో మారీచుడు రాక్షస రూపముతో పర్ణశాల ముంగిటికి రాలేదు. బంగారు లేడియై వచ్చెను. ఇంటర్నెట్టులో ఉచితముగా దొరకు సాఫ్ట్‌వేరు, క్రొత్త సినిమా, ప్రభుత్వ పథకపు దరఖాస్తు, కొరియరు రసీదు, ఈ రూపములలో నేటి మాయలేళ్లు తిరుగుచున్నవి. 2000 సంవత్సరము మే నెలలో ప్రేమలేఖ రూపమున ఒకటి బయలుదేరి కొద్ది రోజులలో ప్రపంచమంతట లక్షల కంప్యూటర్లను చుట్టివేసినది. అది ఉత్తరపు ఫైలు వలె కనబడుటకు ఒక ఉపాయము పన్నినది. ఫైలు పేరునకు రెండు తోకలుండెను. మొదటి తోక ఉత్తరమని చెప్పును. రెండవ తోక, అనగా ఫైలు నిజరూపమును తెలుపునది, తెరమీద కనబడకుండెను. తోకను దాచు ఆ ఏర్పాటు ఇప్పటికిని విండోస్ కంప్యూటర్లలో మొదటినుండియే అమర్చి యుండును. మార్చుకొనుట అరనిమిషపు పని. ఫైళ్ల సంచిని తెరచి, వ్యూ అనుచోట ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనుదానిని ఎన్నుకొనినచో ప్రతి ఫైలు తోకయు కనబడును. బిల్లు అని వచ్చిన ఫైలు చివర ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ, బ్యాట్, విబిఎస్, ఎస్‌సిఆర్ అని యున్నచో అది బిల్లు కాదు, ప్రోగ్రాము. దానిని తెరువరాదు.

మా గ్రామము చిన్నది, మా కంప్యూటరుతో ఎవరికేమి పని యని మీలో కొందరు అనుకొనవచ్చును. 2017 మే 12న వన్నాక్రై అను వైరసు బయలుదేరి నూటయేబదికి పైగా దేశములలో వ్యాపించినది. ఇంగ్లండులో ఆసుపత్రులు చికిత్సలను వాయిదా వేసుకొనవలసి వచ్చినది. మన రాష్ట్రమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు దాని వాతబడినవి. కేరళలో అది పట్టినది ఏ పెద్ద కర్మాగారమునో కాదు. వయనాడు జిల్లాలోని తరియోడు పంచాయతీ కార్యాలయమును, పత్తనంతిట్ట జిల్లాలోని అరువప్పులం పంచాయతీ కార్యాలయమును పట్టినది. ఫైళ్లన్నిటికిని తాళము పడి, 300 డాలర్లు చెల్లించినగాని తీయబోమని తెరమీద వ్రాత కనబడినది. గ్రామము పేరు చూచి వైరసు వచ్చుట లేదు. తలుపు తీసియున్నదా లేదా యనునదే చూచుచున్నది. ఆ తలుపును మూయు దిద్దుబాటును మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు మాసముల ముందే, మార్చి 14న విడుదల చేసియుండెను. దానిని వేసుకొనని యంత్రములే దెబ్బతినినవి. కంప్యూటరు తనంతట తాను అప్‌డేటు అడిగినపుడు, ఇప్పుడు కాదు, పిమ్మట చూతము అను బొత్తామును మాసముల తరబడి నొక్కుచుండు కార్యాలయములు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఇక అనుమానాస్పదమైన డౌన్‌లోడు వలన ఏమి జరుగునో మేము పరిశీలించిన ఒక పంచాయతీ ఉదంతము చెప్పెదము. ఊరి పేరు అనవసరము. మార్చి నెలాఖరు. పన్ను వసూళ్ల హడావిడి. నోటీసులు అందమైన తెలుగు అక్షరములతో అచ్చు కావలెనని ఆపరేటరు ఒక ఫాంటుల సాఫ్ట్‌వేరు కొరకు ఇంటర్నెట్టులో వెదకెను. డబ్బు చెల్లించి కొనవలసిన ఆ సాఫ్ట్‌వేరు పూర్తిగా ఉచితమని ఒకచోట కనబడినది. ఇట్లు తాళము పగులగొట్టి పంచిపెట్టు దొంగ ప్రతిని క్రాక్ అందురు. వచ్చిన జిప్ ఫైలునకు పాస్‌వర్డు ఉన్నది, ఆ పాస్‌వర్డు కూడ ప్రక్కనే వ్రాసియున్నది. ముందు యాంటీవైరసును ఆపి పిదప దీనిని తెరువుడు అని సూచన కూడ ఉన్నది. ఇచట ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. ఇంటికి వచ్చిన బంధువు, మీ కుక్కను కట్టివేసిన తరువాతనే లోనికి వచ్చెదననుట సహజమే. అర్ధరాత్రి వచ్చిన అపరిచితుడు అదే మాట యన్నచో తలుపు తీయుదుమా? ఆ పాస్‌వర్డు కూడ మన భద్రత కొరకు పెట్టినది కాదు. మూట విప్పకుండ లోపలి సరకును యాంటీవైరసు పరీక్షింపజాలదు గనుక పెట్టినది.

కుర్రవాడు చెప్పినట్లు చేసెను. ఫాంటులు రాలేదు. తెరమీద విండోస్ అప్‌డేటు జరుగుచున్నట్లు ఒక చిన్న కిటికీ కనబడినది. అది ముగియువరకు అని లేచి టీ త్రాగుటకు పోయెను. అది అప్‌డేటు కాదు. ఆ తెర వెనుక ఫైళ్లకు ఒక్కొక్కదానికి తాళములు పడుచుండెను. అతడు తిరిగి వచ్చుసరికి ప్రతి ఫైలు పేరు చివరను నాలుగక్షరముల వింత తోక చేరియున్నది. ఏ ఫైలును తెరచుకొనుట లేదు. ప్రతి సంచిలోను రీడ్‌మీ అను ఒక ఉత్తరము. 980 డాలర్లు పంపవలెను, 72 గంటలలోపల మాట్లాడినచో 490 డాలర్లు చాలును అని దాని సారాంశము. ఇది స్టాప్ డెజావు అను తెగకు చెందిన వైరసు. కొన్ని సంవత్సరములుగా క్రాక్‌లలో దాగి ఇండ్లను, చిన్న కార్యాలయములను పట్టి పీడించినది. తాళము వేయుటతో ఆగక, కంప్యూటరులో దాచియున్న పాస్‌వర్డులను దొంగిలించు మరియొక వైరసును కూడ పెక్కుసార్లు వెంట తెచ్చును. అంతేగాక, సహాయము చెప్పు భద్రతా సంస్థల వెబ్‌సైట్లు ఆ యంత్రములో తెరచుకొనకుండ చేయును.

జరిగిన నష్టములో సగము ఇచటితో అయినది. తక్కిన సగము తరువాతి రెండు రోజులలో జరిగినది. కుర్రవాడు భయపడెను. ఉద్యోగము పోవుననుకొనెను. ఎవరికిని చెప్పక తానే బాగుచేయదలచి, లెక్కల నకలు ఉన్న పెన్‌డ్రైవును తెచ్చి అదే యంత్రమునకు పెట్టెను. ఆ నకలునకు కూడ తాళము పడినది. యంత్రము ఇంటర్నెట్టుతో కలిసియే యున్నది. కార్యాలయపు ఈమెయిలు పాస్‌వర్డు దొంగల చేతికి పోయి, ఆ పేరుతో ఇతర కార్యాలయములకు మాయ ఉత్తరములు వెళ్లినవి. మూడవ రోజున సర్పంచి డిమాండు జాబితా అడిగినపుడు గాని సంగతి బయటపడలేదు. ఈ గ్రామస్వరాజ్‌లో ఎక్కించిన లెక్కలు ఎచటనో గల సర్వరులో ఉన్నవి గనుక అవి చెడలేదు. కాగితపు డిమాండు రిజిస్టరు, రసీదు పుస్తకముల కౌంటరుఫాయిళ్లు బీరువాలో ఉన్నవి గనుక ఇంటిపన్ను లెక్క మూడు వారములు శ్రమించి మరల తయారుచేసికొనిరి. కాని మురుగుకాలువ పని ఛాయాచిత్రములు, త్రవ్వక ముందువి, తవ్వుచుండగా తీసినవి, ఆ యంత్రములో తప్ప మరెక్కడను లేవు. కట్టిన కాలువకు మొదటి ఫోటో ఇప్పుడు ఎట్లు తీయుదురు? బిల్లు నిలిచిపోయినది. పనిచేసిన మేస్త్రి, కూలీలు తమది కాని తప్పునకు మాసముల తరబడి కార్యాలయము చుట్టు తిరిగిరి.

ఆ కుర్రవానిని మేము దోషిగా చూపుట లేదు. చెప్పిన మొదటి గంటలోనే అతడు సర్పంచి వద్దకు వచ్చియున్నచో పెన్‌డ్రైవు దక్కెడిది, ఈమెయిలు దక్కెడిది. అతడు రాకపోవుటకు కారణము, వచ్చినచో ఏమగునో అతనికి తెలియకపోవుట. కావున సభ్యులు చేయవలసిన మొదటి పని సాంకేతికమైనది కాదు. వైరసు సోకినదని వెంటనే చెప్పినవానిని దండింపబోమనియు, దాచినవానిని మాత్రము సంజాయిషీ అడిగెదమనియు ఆపరేటరునకు ముందుగానే స్పష్టముగా తెలియజేయవలెను. ఎవరు చేసిరను విచారణ తరువాత. ఏమి జరిగినదను విచారణ ముందు.

అనుమానము కలిగిన వెంటనే చేయవలసినదేమి? యంత్రమునకు ఇంటర్నెట్టుతో గల సంబంధమును తెంపవలెను. తీగ యున్నచో తీగను పెరికివేయవలెను. వైఫై యున్నచో ఆపివేయవలెను. అది తెలియనిచో గోడమీది రూటరు పెట్టెకే విద్యుత్తు ఆపవలెను. ఇందుకు ఎవరి అనుమతియు అవసరము లేదు. అటుపిమ్మట, యంత్రమునకు పెట్టియున్న డిజిటల్ సంతకపు టోకెనును, పెన్‌డ్రైవును, బయటి హార్డ్‌డిస్కును తీసివేయవలెను. క్రొత్తగా ఏదియు పెట్టరాదు. నకలు బాగుగనే యున్నదా యని చూచుకొనవలెనను తొందర అందరికిని కలుగును. ఆ తొందరయే నకలును చంపును.

యంత్రమును ఆపవలెనా వద్దా యని చాలామంది అడుగుదురు. ఫైళ్ల పేర్లు కన్నుల ఎదుట ఒక్కొక్కటిగా మారుచున్నచో ఆలస్యము చేయక ఆపివేయుడు. ఒక్కొక్క క్షణము ఒక్కొక్క ఫైలు. గోడ స్విచ్చి ఆపిన చాలునని అనుకొనరాదు. క్రింద యూపీఎస్ పెట్టె యున్నంతవరకు యంత్రము నడుచుచునే యుండును. ల్యాప్‌టాప్ అయినచో బ్యాటరీతో నడుచును. పవరు బొత్తామును పదిసెకండ్లు విడువక నొక్కి పట్టవలెను. అట్లుగాక, యంత్రము మందగించినది, వింత ప్రకటనలు వచ్చుచున్నవి, బ్రౌజరు తనంతట తాను వేరుచోట్లకు పోవుచున్నది అను లక్షణములు మాత్రమే యున్నచో, ఇంటర్నెట్టును తెంపి యంత్రమును అట్లే యుంచి తెలిసినవారిని పిలువవచ్చును. ఏ సందర్భములోనైనను తెరమీది వ్రాతను ఫోనుతో ఫోటో తీసి, తేదీ, వేళ, ఏ ఫైలు తెరచినది కాగితముమీద వ్రాసియుంచవలెను. ఫిర్యాదునకు అదియే ఆధారము.

తెలిసినవారు అన్నపుడు ఎవరినో కాదు. మండలములోను, జిల్లా పంచాయతీ కార్యాలయములోను ఈ పని చూచు సాంకేతిక సిబ్బంది కలరు. వారికి తెలుపవలెను. భారత ప్రభుత్వము 2004లో నెలకొల్పిన సెర్ట్ ఇన్ అను సంస్థ ఇట్టి దాడుల విషయమై దేశమంతటికిని కావలి కాయుచున్నది. ఆ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశముల ప్రకారము, వైరసు దాడులను ప్రభుత్వ సంస్థలు గుర్తించిన 6 గంటలలోపల తెలియజేయవలెను. డబ్బు పోయినచో, లేక బ్యాంకు వివరములు పోయినవను అనుమానము కలిగినచో 1930 అను నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. దొంగ ఖాతాకు చేరిన డబ్బు అచటినుండి వేరొక ఖాతాకు మారకముందే నిలుపుటకు అవకాశము తొలి గంటలలోనే యుండును. చట్టము కూడ మన పక్షముననే యున్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43, 66 సెక్షనుల ప్రకారము ఇతరుల కంప్యూటరులోనికి దురుద్దేశముతో వైరసును ప్రవేశపెట్టుట నేరము. మూడేండ్ల వరకు ఖైదు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

ఇక ఆ 490 డాలర్ల మాట. పై పంచాయతీలో కూడ, తలకొంత వేసికొని కట్టివేసినచో పీడ వదలును గదా యని ఒక సభ్యుడు సూచించెను. మా సలహా, చెల్లింపరాదు. దొంగకు చెల్లింపు అను పద్దు పంచాయతీ లెక్కలలో లేదన్నది ఒక కారణము. ఆడిటు వారికి ఏమి చెప్పుదురు? అంతకన్న ముఖ్యమైన కారణము, డబ్బు పుచ్చుకొన్న దొంగ తాళపుచెవి ఇచ్చునను నమ్మకమేమియు లేదు. ఇచ్చినను, ఈ ఇంట డబ్బు పుట్టునని తెలిసికొన్నవాడు మరల రాకుండునా? తాళము పడిన ఫైళ్లను చెరిపివేయక వేరొక డిస్కులో భద్రపరచుట మంచిది. యూరోపు పోలీసు సంస్థయు, నెదర్లాండ్సు పోలీసులును, రెండు భద్రతా సంస్థలును కలిసి 2016లో నో మోర్ రాన్సమ్ అను వేదికను ప్రారంభించిరి. వారు సంపాదించిన తాళపుచెవులను అచట ఉచితముగా ఇచ్చుచున్నారు. స్టాప్ డెజావులోని పాత రకములలో 148 రకములకు 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ అను సంస్థ విడిపించు సాధనమును తయారుచేసినది. అన్నిటికిని లేవు. కాని నేడు లేని తాళపుచెవి రేపు దొరకవచ్చును.

శుభ్రపరచు పని రెండు విధములు. ప్రకటనలు, బ్రౌజరు అల్లరి వంటి చిన్న జాడ్యములకు విండోసులోనే యున్న డిఫెండరు చాలును. దానిలో ఆఫ్‌లైన్ స్కాన్ అను ఏర్పాటు కలదు. యంత్రము ఒకసారి ఆగి, విండోసు మేల్కొనకముందే పరీక్ష జరుపును. దాగియుండుటలో నేర్పరియైన వైరసు కూడ నిద్రలో పట్టుబడును. సెర్ట్ ఇన్ వారు 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము కూడ ఇట్టి సాధనములను ఉచితముగా అందించుచున్నది. గోరుతో పోవుదానికి గొడ్డలి అక్కరలేదు. కాని తాళములు వేయు వైరసు, పాస్‌వర్డులు దొంగిలించు వైరసు సోకినపుడు గోరు చాలదు. డిస్కును పూర్తిగా తుడిచి విండోసును క్రొత్తగా వేయుటయే మార్గము. వైరసును తీసివేసితిమి, యంత్రము బాగుగ నడుచుచున్నది అని చెప్పి పావుగంటలో డబ్బులు పుచ్చుకొని పోవు మరమ్మతుదారుని మాట నమ్మరాదు. అట్లే, మీ కంప్యూటరుకు 17 వైరసులు సోకినవి, ఇచట నొక్కుడు అని తెరమీద హఠాత్తుగా వెలయు హెచ్చరిక వైద్యము కాదు, అదియే రోగము.

పెన్‌డ్రైవు విషయమున ఒక చిన్నమాట. జిరాక్సు దుకాణమునుండి వచ్చిన పెన్‌డ్రైవులో ఫైళ్లన్నియు మాయమై, వాని స్థానమున వంపు బాణపు గురుతు గల షార్ట్‌కట్లు కనబడుట మీలో పలువురికి అనుభవమై యుండును. అసలు ఫైళ్లు పోలేదు, వైరసు వానిని మరుగుపరచినది, అంతే. ఆ షార్ట్‌కట్టును నొక్కినచో వైరసు మీ యంత్రములోనికి వచ్చును. నొక్కక, ముందు డిఫెండరుతో పరీక్షించి, పిదప దాగిన ఫైళ్లను చూపు ఏర్పాటుతో చూచినచో అవి కనబడును. కోపముతో పెన్‌డ్రైవును ఫార్మాట్ చేసి ఫైళ్లను నిజముగానే పోగొట్టుకొన్నవారు కలరు.

శుభ్రపరచిన తరువాత పాస్‌వర్డులన్నియు మార్చవలెను. మార్చుట వేరొక ఆరోగ్యకరమైన యంత్రమునుండి జరుగవలెను. వైరసున్న యంత్రముమీదనే క్రొత్త పాస్‌వర్డు వ్రాయుట దొంగ చేతికి తాళమిచ్చుటయే.

డిజిటల్ సంతకపు టోకెను గూర్చి కొంచెము కటువుగా మాటాడక తప్పదు. పంచాయతీ చెల్లింపునకు ఒకరు వివరములు నింపుటయు, మరియొకరు సరిచూచి ఆమోదించుటయు అను రెండంచెల పద్ధతిని పెట్టినది ఒకరి పొరపాటును మరియొకరు పట్టుకొనుటకు. రెండు టోకెనులును ఒకే సొరుగులో, వాని రహస్య సంఖ్యలు ఆ సొరుగు మూతమీదనే అంటించిన కాగితములో, ఇట్లుండుట మేము పలుచోట్ల చూచుచున్నాము. సర్పంచులు సోదరీమణులైన చోట్ల టోకెను వారి భర్తల జేబులలో తిరుగుటయు చూచుచున్నాము. ఎన్నికైనది ఎవరో సంతకము వారిదే. వైరసు పట్టిన యంత్రములో టోకెను దిగవేసియుండి, రహస్య సంఖ్య కూడ దొంగకు తెలిసినచో ఆ సంతకము మీది కాదని నిరూపించుట సులభము కాదు. సమాచార సాంకేతిక చట్టము 42వ సెక్షను ఈ సంతకపు తాళపుచెవిని జాగ్రత్తగా కాపాడుకొను బాధ్యతను సంతకదారునిమీదనే యుంచినది. అది ఇతరుల చేతికి పోయినదని తెలిసినచో ఆలస్యము చేయక సర్టిఫికెటు ఇచ్చిన సంస్థకు తెలుపవలెననియు చెప్పుచున్నది. సంతకము చేయు వేళ పెట్టుట, ముగిసిన వెంటనే తీసి మీవద్ద ఉంచుకొనుట, ఇంతకు మించి అందులో కష్టమేమియు లేదు.

కార్యాలయపు కంప్యూటరు ఒక్కటియే అయిన, మీలో ప్రతివారి చేతిలోను మరియొక కంప్యూటరు ఉన్నది. అది ఫోను. పీఎం కిసాన్ డబ్బు పడలేదా, ఇది నొక్కుడు. మీ బండికి చలానా పడినది, చూచుకొనుడు. మా ఇంట పెండ్లి, శుభలేఖ తెరువుడు, ఇట్టి మాటలతో వాట్సాప్‌లో వచ్చుచున్న ఏపీకే ఫైళ్లు ఇటీవలి సంవత్సరములలో ఎందరి ఖాతాలనో ఖాళీచేసినవి. ఏపీకే అనగా ఫోనులో వేయు ప్రోగ్రాము. శుభలేఖ ఫోటోగా రావలెను గాని ప్రోగ్రాముగా ఏల రావలెను? దానిని వేసికొన్నచో అది మీ ఎస్సెమ్మెస్‌లు చదువుటకు అనుమతి యడుగును. ఇచ్చితిమా, బ్యాంకు పంపు ఓటీపీ మీకన్న ముందు దొంగకు చేరును. ఆపైన మీ ఫోనునుండియే, మీ పేరుతోనే, మీ గ్రామపు గ్రూపులన్నిటికిని అదే శుభలేఖ పోవును. పంచాయతీ సభ్యుడు పంపినది గదా యని ఊరందరు నమ్మి తెరచెదరు. మీ మాటకు ఊరిలో గల విలువయే ఇచట దొంగకు పెట్టుబడి.

ఇది ఫోనులో పడినదని తెలిసినచో వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరొక ఫోనునుండి బ్యాంకునకును, 1930కిని తెలుపవలెను. ఆ యాప్‌ను తీసివేయుటకు ప్రయత్నించినపుడు అది ఒప్పుకొననిచో, సెట్టింగులలో డివైస్ అడ్మిన్ అనుచోట దానికిచ్చిన అధికారమును ముందు తొలగింపవలెను. అప్పటికిని అనుమానము తీరనిచో ఫోటోలను మాత్రము దించుకొని ఫ్యాక్టరీ రీసెట్ చేయుట మేలు. గ్రూపులలో, నా పేరుతో వచ్చినది తెరువవలదు అని మరియొకరిచేత చాటింపు వేయింపుడు. సిగ్గుపడి ఊరకున్నచో ప్రక్కవారి కొంప మునుగును.

రైతు సోదరులకు నకలు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తినుటకుంచిన ధాన్యమును, విత్తనమునకుంచిన ధాన్యమును ఒకే గాదెలో ఎవరును పోయరు. కార్యాలయపు ఫైళ్లకు మూడు ప్రతులుండవలెను. యంత్రములో ఒకటి. బయటి హార్డ్‌డిస్కులో ఒకటి. ఇది వారమునకు ఒకసారి, నకలు తీయునంతసేపు మాత్రమే యంత్రమునకు తగిలించి, పిదప తీసి బీరువాలో పెట్టవలెను. ఎల్లప్పుడును తగిలించియుంచిన నకలు నకలే కాదు, యంత్రముతోపాటే పోవును. మూడవది ఊరిలోనే మరియొక కట్టడములో, లేక అధికారులు అనుమతించిన ఇంటర్నెట్టు నిల్వలో. పనుల ఫోటోలను తీసిన రోజుననే సంబంధిత వేదికలోనికి ఎక్కించినచో ఆ మేస్త్రికి కలిగిన కష్టము మరొకరికి కలుగదు. మూడు మాసములకు ఒకసారి నకలులోని ఒక ఫైలును తెరచి చూడవలెను. నకలు తీయుచునే యున్నాము, తెరచి చూచిన ఖాళీది అను కార్యాలయములు లేకపోలేదు.

ఇక ఆ ఫాంటుల సంగతి. ఆ కుర్రవాడు వెదకినది దొంగతనము కొరకు కాదు, తెలుగు కొరకు. కావున అతనికి త్రోవ చూపుట మన పని. విండోసులో తెలుగు కీబోర్డు మొదటినుండియే ఉన్నది. చేర్చుకొనుటకు రూపాయి ఖర్చు లేదు. గిడుగు, గురజాడ, మండలి, సూరన్న, తిమ్మన, రామభద్ర మున్నగు పేర్లతో చక్కని యూనికోడ్ ఖతులు ఉచితముగా, చట్టబద్ధముగా గూగుల్ ఫాంట్సులో దొరకుచున్నవి. వీనితో వ్రాసిన నోటీసు ఏ ఫోనులోనైనను చదువనగును. పాత ఫాంటులతో వ్రాసినది వేరొక యంత్రములో పిచ్చిగీతలుగా కనబడుట మీకు తెలిసినదే.

వచ్చు సమావేశములో చర్చకు పెట్టవలసిన సంగతులు కొన్ని మిగిలినవి. మీ కార్యాలయపు యంత్రములో ఏ విండోసు ఉన్నదో కనుగొనుడు. విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తోను సాధారణ మద్దతు ముగిసినది. దిద్దుబాటులు రాని యంత్రముతో పంచాయతీ డబ్బు చెల్లించుట, తలుపు లేని ఇంట పెట్టె పెట్టుట వంటిది. విండోస్ 11 వేయదగినదైనచో వేయింపవలెను, కానిచో క్రొత్త యంత్రమునకు ప్రతిపాదన పంపవలెను. ఆపరేటరు రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటరు అధికారము లేని ఖాతాను వాడవలెను. క్రొత్త సాఫ్ట్‌వేరు వేయవలెనన్నచో కార్యదర్శి పాస్‌వర్డు కావలసివచ్చును. ఆ చిన్న అడ్డంకియే పెక్కు మాయలేళ్లను ఆపును. హార్డ్‌డిస్కు కొనుటకు కొద్ది మొత్తము మంజూరు చేయవలెను. 1930 నంబరును, మండల సాంకేతిక సిబ్బంది నంబరును యంత్రము పైగోడమీద వ్రాయింపవలెను. యంత్రము చెడినపుడు యంత్రములో దాచిన నంబరు అక్కరకు రాదు గదా. పాత యంత్రమును వేలము వేయునపుడు దానిలోని డిస్కును తీసి కార్యాలయముననే ఉంచుకొనవలెను. అందులో ఊరివారి ఆధారు నకళ్లు, బ్యాంకు ఖాతాల వివరములు ఇంకను ఉండును.